తొమ్మిది నోళ్లలో పదకొండు రోజులు

తిప్పమ్మ లోపలికి రానంది. మంచినీళ్లిస్తే తాగనంది. పోనీ వెళ్లిపోతుందా అంటే అదీ లేదు. కుందుర్పి దగ్గరి పల్లె నుంచి కోడి కూయకముందే బయల్దేరి, బస్సు మీద బస్సు మారి గుంతకల్లు చేరిన మనిషి, రైల్వే క్వార్టర్స్‌లో సువార్త ఇంటి గడప ముందు కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పక్కన కోడలు జయంతి తల ఎత్తకుండా నిలబడి ఉంది.

"బతికుండే బిడ్డను సంపేస్తివి కదమ్మా టీచరమ్మా!" అంది తిప్పమ్మ. "నా మనమరాలు ఆశ్రితకు నాలుగేండ్లు. బంగారట్లా ఆడుకుంటాండాది. దాని తల్లి బెంగళూరికి పోయి, పెద్దపెద్దోళ్ల ముందర కుర్చీలో కూకోని, నా బిడ్డ పదకొండు దినాలు బతికి సచ్చిపాయె అని చెప్పొచ్చినాది. ఎవురు నేర్పిచ్చినారు దానికి? నువ్వు కాదా?"

"నేనే" అంది సువార్త.

ఇంకేం అనగలదు? నేర్పింది తనే. నలభై రోజులు కూర్చోబెట్టి, చేతికి అద్దమిచ్చి, నాలుక ఎక్కడ పెట్టాలో వేలితో చూపించి మరీ నేర్పింది.

"అత్తా, ఆమె కావాలని చెయ్యలేదు..." జయంతి ఏదో అనబోయింది.

"నువ్వు మాట్లాడొద్దు. ఏం మాట్లాడ్తాండావో తెలీకుండా మాట్లాడేదానివి నువ్వు."

ఆ మాటలో అబద్ధం లేదు. అదే వచ్చిన చిక్కు.

సువార్త మంచి టీచరు. స్టేషన్ రోడ్డులో జిరాక్స్ షాపు పైన చిన్న గది అద్దెకు తీసుకుని, పదో తరగతితో ఆగిపోయిన ఆడవాళ్లకు ఇంగ్లీషు పలకడం నేర్పుతోంది. ఆమె పద్ధతి ఆమెదే. మొదటి నలభై రోజులు అర్థం జోలికి పోకూడదు. అర్థం తెలిస్తే మనసు అటు పోతుంది, నోరు పాతదారి పడుతుంది అంటుంది. ముందు నోరు తిరగాలి. నాలుక కొస పళ్ల మధ్యకు రావాలి. పెదవుల ముందు పట్టుకున్న కాగితం ముక్క ఎగరాలి. గొంతు మీద వేళ్లు పెడితే లోపల జుమ్మనాలి.

పుస్తకాల్లోని వాక్యాలు ఆమెకు నచ్చలేదు. జన్మలో సముద్రం చూడని వాళ్లతో సముద్రపు గవ్వల గురించి వల్లె వేయించడమెందుకని, తనే ఒక పేజీ పాఠం రాసింది. తెలుగు నోటికి లొంగని శబ్దాలన్నీ అందులో పడేలా చూసుకుంది. రాస్తూ రాస్తూ ఉంటే అవన్నీ తన సొంత సంగతుల్లోనే దొరికాయి. రైల్వే క్వార్టర్లో పుట్టాను, మా నాన్న గార్డు, నాకు పదమూడేళ్లప్పుడు అమ్మ పోయింది. నాకొక కూతురు. దాని ఊపిరి సన్నగా ఉండేది. గురువారం డాక్టరు చెప్పాడు, గురువారమే వెళ్లాము. అది పదకొండు రోజులు బతికింది.

తొమ్మిది మందీ ఆ పేజీని అద్దంలో చూసుకుంటూ రోజుకు ముప్పై సార్లు పలికారు. సువార్త ఎదురుగా కూర్చుని వినేది. ఏడేళ్లుగా ఇంట్లో ఎవరూ ఎత్తని ఆ బిడ్డ ఊసు, ఆ గదిలో తొమ్మిది గొంతుల్లో వినిపించేది. ఎవరికీ అర్థం తెలియదనే ఆమె ధీమా. ఎవరూ ఆమె మొహంలోకి జాలిగా చూడరు. అది ఆమెకు ఎంత హాయిగా ఉండేదో చెప్పడానికి లేదు. ఎందుకు హాయిగా ఉందో ఆమె తనను తాను అడగనూ లేదు. అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

నలభై రోజులు నిండి, రేపో మాపో అర్థం మొదలెడదామనగా బెంగళూరు నుంచి పిలుపు వచ్చేసింది. ఒక పెద్ద ఆసుపత్రిలో ఫోన్ డెస్క్ ఉద్యోగాలు. నికరమైన జీతం, ఉండడానికి హాస్టలు. బుధవారం తొమ్మిది మందీ రైలెక్కారు. లోపలికి ఒక్కొక్కరినే పిలిచి, మీ గురించి చెప్పండి అన్నారు. తొమ్మిది నోళ్లలో సిద్ధంగా ఉన్న ఇంగ్లీషు ఒకటే. తొమ్మిది మందీ రైల్వే క్వార్టర్లో పుట్టారు. తొమ్మిది మంది తండ్రులూ గార్డులే. తొమ్మిది మంది కూతుళ్లూ పదకొండు రోజులే బతికారు.

ఆసుపత్రి వాళ్లు మోసమన్నారు. జాలికథ అల్లి పంపారన్నారు. గురువారం పొద్దునకల్లా తొమ్మిది రికార్డింగులూ సువార్త ఫోనుకు పంపి, ఇక మీ మనుషులెవరినీ తీసుకునేది లేదని రాశారు. అవి తెరిచి విన్నది సువార్త కాదు. టేబుల్ మీద ఫోన్ మోగుతుంటే చేతిలోకి తీసుకున్న ఆమె భర్త శశికుమార్. ఒకే పాఠం తొమ్మిది సార్లు వినేసరికి, వచ్చిన కాస్త ఇంగ్లీషుతోనే అది ఎవరి బిడ్డ ఊసో అతనికి తెలిసిపోయింది.

అంతే, ఆ పొద్దు నుంచి ఇంట్లో మాట లేదు.

"గురువారం నుంచి బిడ్డకు జరం" అంటోంది తిప్పమ్మ. కోపం దిగిపోయింది. "రెండేండ్లు చెనిక్కాయ పంట పాయె. బోరు ఎండిపాయె. దేనికీ ఏడవలేదమ్మా నేను. ఈ కోడలు ఇంగిలీసు నేర్చి ఉద్యోగం చేస్తాది, బిడ్డను బాగా చూసుకుంటాదని ఈ ఊర్లో చుట్టాలింట్లో పెడితి. నోటితో అనిన మాట యాడికీ పోదు. అది ఆ బిడ్డనే ఎతుక్కుంటా వస్తాది."

"ఇప్పుడు నేనేం చెయ్యల్ల తిప్పమ్మా? నువ్వే చెప్పు."

"నీ నోట్లో నుంచి పోయిన మాటను నువ్వే తీసెయ్యల్ల. ఆ సచ్చిన బిడ్డ ఎవురి బిడ్డో ఈ వీధిలో నిలబడి గట్టిగా చెప్పు. మూడుసార్లు చెప్పు. అప్పుడు నీళ్లు తాగి పోతా."

లోపలి నుంచి సువార్త అత్త రూతు గబగబా వచ్చింది. "మేము ప్రార్థన చేసుకునేటోళ్లమమ్మా. ఇట్లాంటియి మాకు లేవు."

"మాకుండాయి" అంది తిప్పమ్మ.

ఎదురింటామె ఉతికిన బట్టలు ఆరేయడం ఆపి చూస్తోంది. వాటర్ ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టిన ఆడవాళ్లు ఇటే తిరిగారు. జయంతి రెండు చేతులూ జోడించింది, ఎవరికో తెలియకుండా. సువార్త గడప దిగింది.

"ఆ పోయిన బిడ్డ నాది" అంది. తిప్పమ్మకే వినబడేంత మెల్లగా. "ఆశ్రిత కాదు."

"గట్టిగా."

"ఆ పోయిన బిడ్డ నాది. ఆశ్రిత కాదు."

ఇంగ్లీషులో నలభై రోజులు విన్నది వేరు. ఈ మాట తెలుగులో తన నోటితో అనడం ఏడేళ్లలో ఇదే మొదలు. మూడోసారి అనేటప్పటికి వీధి ఆమె కళ్లకు కనబడలేదు. లోపల శశికుమార్ ఉన్న గది తలుపు ధడేలున మూసుకున్న చప్పుడు మాత్రం వినబడింది.

తిప్పమ్మ లేచి వచ్చి సువార్త చెయ్యి పట్టుకుంది. "ఆడబిడ్డనా?" అని మెల్లగా అడిగింది. సువార్త తలూపింది. ముసలామె చెంబెత్తి నీళ్లు తాగి, కోడలిని తీసుకుని పోయింది. వీధి మలుపులో జయంతి ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఉద్యోగం సంగతి ఏమవుతుందని అడగాలని వచ్చిన పిల్ల, అడగలేకపోయింది.

---

మధ్యాహ్నం అన్నాల దగ్గర శశికుమార్ నోరు విప్పాడు. కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా వదిలేశాడు.

"వీధి వీధికంతా చాటినావు. ఇంగ చాలునా?"

"చాటాలని చాటలేదండీ. ఆమె మనమరాలికి జరం..."

"తొమ్మిది మంది నోళ్లల్లో పెట్టినావు నా బిడ్డను. ఎవురెవురో దాన్ని నమిలి నమిలి ఉమిసినారు. దాని ఊపిరి సన్నగా ఉండెనంట. దాంతో పాఠమంట!"

"మన బిడ్డ" అంది సువార్త.

"ఏమి?"

"నా బిడ్డ అంటాండారు. మన బిడ్డ అంటాండా. ఏడేండ్లకు ఇప్పుడన్నారు ఆ మాట. ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీరు నా దగ్గర కూర్చోని దాని ఊసెత్తింటే, నేను పోయి జిరాక్స్ షాపు పైన గదిలో దాన్ని వెతుక్కుంటానా?"

శశికుమార్ ఏదో అనబోయి గోడవైపు చూశాడు. ఈ మనిషితో వచ్చిన కష్టమే ఇది. లోకో షెడ్డులో ఇంజన్ ఏ మూల ఏం గొణిగినా చెవి ఆనించి చెప్పేస్తాడని పేరు. ఇంట్లో మాట వచ్చేసరికి గోడ చూస్తాడు.

రూతు మజ్జిగ పోయబోయి గ్లాసు పక్కన పోసింది. "మూడుగంటలకు ఆ ఫోను వస్తాదంట కదా. వద్దని చెప్పేయి సువార్తా. జరిగింది చాలు."

ఆ ఫోను కోసం సువార్త పడ్డ పాట్లు ఆమెకే తెలుసు. గురువారమంతా, శుక్రవారమంతా బెంగళూరుకు ఫోన్లు చేస్తూనే ఉంది. చివరికి ఇంటర్వ్యూ చేసిన భారతి అనే ఆవిడ దొరికింది. అది నా కథ మేడమ్, వాళ్లది కాదు, వాళ్లకు అర్థమే తెలియదు అని సువార్త ప్రాధేయపడితే, ఆవిడ చాలాసేపు ఆలోచించి ఒక దారి చూపింది. తొమ్మిది మందిలో ఒకరితో శనివారం మూడుగంటలకు వీడియోలో మాట్లాడుతుంది. ఆ ఒక్కరూ అప్పజెప్పకుండా సొంతంగా మాట్లాడగలిగితే తొమ్మిది మందినీ మళ్లీ పిలుస్తుంది. లేకపోతే ఈ మాట ఇక ఇంతటితో సరి.

ఆ ఒక్కరు ఎవరన్నదానికి ఆలోచనే అక్కర్లేదు. శశికుమార్ చెల్లెలు సారా. ఇంటర్ చదివింది. మిగతా ఎనిమిది మందికన్నా నాలుగు ముక్కలు ఎక్కువ వచ్చు. తనకల్లులో మొగుడు ఇంకొకామెను తెచ్చి పెట్టుకుంటే పెట్టె సర్దుకుని వచ్చి, మూడేళ్లుగా చీరలకు ఫాల్ కుడుతూ ఈ ఇంట్లో ఉంటోంది. అంత వచ్చిన పిల్ల కూడా మొన్న బెంగళూరులో కుర్చీ ఎక్కగానే పాఠమే అప్పజెప్పింది. నోరు దానంతటదే పోయింది వదినా అని రెండు రోజులు ఏడ్చింది.

"వద్దని ఎట్ల చెప్పేది అత్తా?" అంది సువార్త. "ఎనిమిది ఇండ్లల్లో పొయ్యి కాడ కూర్చోని దీనికోసమే చూస్తాండారు. సారా బతుకు కూడా ఇందులోనే ఉండాది."

"దాని బతుక్కేమి? అన్న ఇంట్లో ఉండాది. ఫాల్ కుట్టుకుంటాది."

"ఎన్నాళ్లు?"

"నేను సచ్చేదాక" అంది రూతు. "అది ఫోన్లో ఏం కూస్తాదో ఏమో. దానికి ముందు నుంచీ నోటి మీద అదుపు లేదు."

ఇది విచిత్రమే. సారా నోట్లో నాలుక లేని పిల్లని ఊరంతా అంటుంది. సువార్త ఆ మాట పట్టుకుని ఆలోచించే తీరికలో లేదు. గడియారం చూసింది. రెండు దాటింది.

"సారా మాట్లాడదు" అన్నాడు శశికుమార్.

"ఎందుకు మాట్లాడదు?"

"నేను చెప్తాండా కాబట్టి."

"పాఠం చెప్పదండీ. దేవుని తోడు, మన బిడ్డ ఊసు ఎత్తదు. చిన్నప్పటి సంగతో, బడి సంగతో చెప్తాది. ఇంగేమి భయం మీకు?"

రూతు కొడుకు వంక చూసింది. కొడుకు తల్లి వంక చూడలేదు. వంటింటి గుమ్మంలో సారా నిలబడి ఇద్దరినీ చూస్తోంది. చూసి చూసి, వదిన దగ్గరికొచ్చి నేల మీద కూర్చుంది.

"వదినా, వాళ్లకు నిజమే చెప్పల్లనా?"

"నిజమే చెప్పల్ల. అబద్ధాలోళ్లమని కదా మనల్ని తోసేసినారు."

"ఏమడిగినా?"

"ఏమడిగినా."

సారా మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. పిల్ల భయపడుతోందనుకుని సువార్త ఆమె వెన్ను నిమిరింది. "తప్పు పోతాదని దిగులుపడొద్దు. చిన్నచిన్న వాక్యాలు చెప్పు. నాలుక తొందరపడనీయొద్దు. నేను పక్కనే ఉంటా."

శశికుమార్ కంచంలోనే చెయ్యి కడిగేసి లేచాడు. చొక్కా తగిలించుకుని, ఎక్కడికని అడిగే లోపలే బయటికి వెళ్లిపోయాడు. తినని ముద్ద కంచంలో నీళ్లలో విడిపోయింది. నిలబడి మాట్లాడి ఆపగలిగిన మనిషే, ఆపలేకపోయాడు. ఎందుకో సువార్తకు అప్పటికి తెలియదు.

---

సరిగ్గా మూడింటికి ఫోన్ మోగింది. ముందు గదిలో టేబుల్ మీద స్టీలు డబ్బాకు ఆనించి పెట్టారు. తెర మీద భారతి కనబడింది. నెరుస్తున్న జుట్టు, కళ్లద్దాలు, విసుగు దాచుకోని మొహం.

"టీచరు గారూ, మీరు కూడా కనబడేలా కూర్చోండి" అంది ఇంగ్లీషులో. "అమ్మాయి వెనకాల. మీ పెదవులు కదిలినా, సైగ చేసినా నేను కాల్ ఆపేస్తాను. ఇష్టమేనా?"

సువార్త తలూపి, సారా భుజం వెనక కుర్చీలో కూర్చుంది. తెర మూల చిన్న చదరంలో తన మొహం తనకే కనబడుతోంది. పరీక్ష సారాకా తనకా అనిపించింది.

మొదటి ప్రశ్నలు తేలిగ్గానే పోయాయి. ఊరేది? ఏం పని చేస్తావు? కుట్టుపనిలో ఏది కష్టం? సారా తడుముకుంటూ, ఆగుతూ, తనకు చేతనైన ఇంగ్లీషులో జవాబులు చెప్పింది. చీర అంచు సాగిపోతే ఫాల్ ముడతలు పడుతుందని చేతులతో చూపించింది. భారతి మొహంలో విసుగు కొంచెం తగ్గింది. సువార్తకు ఊపిరి ఆడింది. తొమ్మిది మంది మొహాలూ వరుసగా కళ్లముందు మెదిలాయి. ఇంకో రెండు నిమిషాలు గట్టెక్కితే చాలు.

అప్పుడు భారతి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది.

"బాగుంది. కానీ ఇవన్నీ కూడా ఈ రెండు రోజుల్లో నేర్పించి ఉండొచ్చు. నాకు నమ్మకం కుదరాలి. మీ టీచరు రాసిచ్చే వీలు లేనిది ఒకటి చెప్పండి. ఆవిడకు తెలియనిది."

సారా ముందు వదిన వైపు తిరగబోయింది. తిరగకూడదని గుర్తొచ్చి ఆగింది. వంటింటి గుమ్మంలో రూతు ఇంగ్లీషు రాకపోయినా కూతురి వీపు చూసి ఏదో పసిగట్టింది. "సారా!" అని పిలిచింది. "కట్టేసేయ్ ఆ ఫోను. లే!"

సారా లేవలేదు.

"ఒక విషయం ఉంది" అంది ఇంగ్లీషులో. "నా టీచరు నా వదిన. ఆ పాఠంలో బిడ్డ మా బిడ్డ. నేను ఎత్తుకున్నాను. ఆ పాఠంలో ఒక వాక్యం తప్పు."

ఎంత చక్కగా పలికింది! నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చి వెనక్కి పోవడం తెర మీద సువార్తకు కనబడింది. ఇన్నాళ్ల కష్టం ఊరికే పోలేదనుకుంది. అర్థం వెంటనే చెవికెక్కలేదు. టీచరు చెవి ముందు శబ్దాన్నే పట్టుకుంది.

"గురువారం డాక్టరు చెప్పాడు, గురువారమే వెళ్లాము అని పాఠంలో ఉంది" అంటోంది సారా. "అది తప్పు. డాక్టరు బుధవారం చెప్పాడు. పొద్దున పదింటికి. ఊపిరి బాగాలేదు, ఇప్పుడే అనంతపురం తీసుకుపొండి అన్నాడు. మా అన్నకు చెప్పాడు. నేను పక్కన ఉన్నాను."

అప్పుడెక్కింది అర్థం. ఆ గురువారం వాక్యం దగ్గర సారా నాలుక రోజూ తడబడేది. రావట్లేదు వదినా అని కళ్లనీళ్లు పెట్టుకుంటే, శబ్దం కష్టమనుకుని, ఇంకోసారి, ఇంకోసారి అని తనే వెంటపడి పలికించింది.

"గురువారం మా అన్నకు పరీక్ష. రైల్వేలో ప్రమోషన్ పరీక్ష. మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియదు. పరీక్ష రాసి రేపు వెళ్దాం అన్నాడు. ఒక్కరోజే కదా అన్నాడు. వదినకు చెప్పొద్దు, ఆమెకు ఆపరేషన్ అయింది, జ్వరం ఉంది అన్నాడు. మా అమ్మ కూడా చెప్పొద్దంది. నేను చెప్పలేదు. గురువారం సాయంత్రం వెళ్లాము. శుక్రవారం బిడ్డ పోయింది."

సారా ఆగి ఊపిరి పీల్చుకుంది.

"ఏడేళ్లు చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను. ఇది ఆమె రాయలేదు."

సువార్త కదల్లేదు. కదలకూడదు. అరవాలని గొంతులోకి వచ్చింది. కుర్చీ తన్నేసి లేవాలని కాళ్లు లాగాయి. లేస్తే కాల్ ఆగిపోతుంది. జయంతి, మిగతా ఏడుగురు, ఈ నోరులేని పిల్ల, అందరి బతుకులూ తను పెదవి బిగించుకుని కూర్చోవడం మీద ఉన్నాయి. తెర మూల చదరంలో ఎవరో ఒక ఆడమనిషి రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె కళ్లలో నుంచి ధారగా కారుతోంది, తుడుచుకోవడం లేదు.

డాక్టరు చెప్పిన గంటలోనే బయల్దేరాం, మన చేతుల్లో ఏముంది అని ఏడేళ్లు చెప్పారు తనకు. తను నమ్మింది. దేవుడిచ్చాడు, దేవుడు తీసుకున్నాడని నమ్మింది.

భారతి తెర దగ్గరికి జరిగింది. మాట్లాడినప్పుడు గొంతు మారిపోయింది.

"టీచరు గారూ, మీ మొహం నాకు కనబడుతోంది. ఇది మీరు రాసింది కాదు." కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. "సారా, మీ ఉచ్చారణ చాలా స్పష్టంగా ఉంది. ప్రతి మాటా అర్థమైంది. సోమవారం తొమ్మిది మందినీ రమ్మనండి." అంతే, కాల్ కట్ చేసింది.

తెర నల్లబడింది. ఇక పెదవులు కదపొచ్చు.

"వదినా" సారా నేల మీదికి జారి ఆమె కాళ్లు పట్టుకుంది. "ఏమడిగినా నిజమే చెప్పమంటివి కదా వదినా."

అన్నాను కదా, అనుకుంది సువార్త. ఆ పిల్ల తల మీద చెయ్యి వేయాలో, కాళ్లు వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. రూతు వంటింటి గుమ్మంలోనే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"యేసయ్యా, నేను వద్దంటానే ఉన్యా" అంటోంది. "మూడురోజుల నుంచి వద్దంటానే ఉన్యా."

సువార్త తలెత్తేసరికి వీధి గుమ్మంలో శశికుమార్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో. అతనికి ఇంగ్లీషు పెద్దగా రాదు. కానీ పరీక్ష అనే మాట వచ్చు, అన్న అనే మాట వచ్చు, వారాల పేర్లు వచ్చు. అవి చాలు. చెప్పులు విప్పకుండా, లోపలికి రాకుండా, ఆ గడప మీదనే ఆగిపోయాడు.

ఫోన్ మళ్లీ మోగింది. తెర మీద జయంతి పేరు. మోగి మోగి ఆగింది. ఎవరూ తీయలేదు.

"సువార్తా" అన్నాడు శశికుమార్. "ఒక్కరోజే కదా అనుకుంటి. దేవుని తోడు. ఒక్కరోజులో ఏమైతాదిలే అని..." అక్కడితో ఆగి గోడ వైపు చూశాడు.

ఆ గోడ కూడా ఆ ప్రమోషన్‌తో వచ్చిందే. అంతకుముందు వాళ్లుండింది పాతగుంతకల్లులో రేకుల ఇంట్లో. సువార్త గోడను చూసింది, కిటికీని చూసింది, ఏడేళ్లుగా తను తుడుస్తున్న నేలను చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది. తిట్టాలని వెతికితే ఒక్క తిట్టూ దొరకలేదు.

"ఆ పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినాయి మీకు?" అని అడిగింది.

రూతు ఏడుపు ఆపి తలెత్తింది. శశికుమార్ పెదవులు రెండుమూడుసార్లు కదిలాయి. ఏడేళ్లయినా అతను మరిచిపోలేదు.

"డెబ్బై ఒకటి" అన్నాడు.

సువార్త తలూపింది. కాళ్లు పట్టుకున్న సారా చేతులను మెల్లగా విడిపించుకుని, లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడిన భర్త పక్కకు తప్పుకునేదాకా అతని ఎదురుగా అలాగే నిలబడింది.